మహలక్షమ్మ గారి రాణులు

గుమ్మడి పూత, మొదటి వారం

తేనెపెట్టెలు చూసే మనిషి ఏ పూతకు ఆ పూత ఏం గమనించిందో రాసి పెట్టాలని మా తిండి మండలి నియమం. నాకు ముందు ఈ పని చేసిన కనకయ్య ఇరవై ఏళ్ళ పాటు "అంతా క్షేమం" అని రెండే మాటలు రాసి, తనూ క్షేమంగా పోయాడు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో జీవశాస్త్రం చెప్పింది కాబట్టి ఈగల సంగతి తెలిసే ఉంటుందని, డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఇది నా నెత్తిన పెట్టారు. నాకు రెండు మాటల్లో రాయడం చేతకాదు. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

పొద్దున ఊరంతటికీ కప్పుగా ఉన్న గొడుగు మీద ఉప్పు తుడిచే వంతు మా వీధిది. గాలి వారంగా ఆగకుండా కొడుతోంది. మూడు అంగుళాల ఉప్పు పేరుకుని లోపల పట్టపగలే దీపాలు పెట్టుకునే పరిస్థితి. తుడిచి, మాస్కు తీసి, నోట్లో ఉప్పు ఉమ్మేసి, మూడో వరసలోని పెట్టెల దగ్గరికి వెళ్ళాను. ముసుగు లేదు, చేతులకు తొడుగుల్లేవు. మన ఈగలకు అవేమీ అక్కర్లేదు. చట్రం పైకి లాగి ఉఫ్‌మని ఊదితే కొత్త కోడళ్ళలాగా తల వంచుకుని పక్కకి జరుగుతాయి.

జరిగాక కింద పిల్లల పట్టు కనిపించింది. మైనంతో మూసిన గదులు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే పలకలా ఉండాలి. ఇది బూందీ గరిటెలా ఉంది. మూడు గదులకు ఒకటి ఖాళీ. పక్క పెట్టె తెరిచాను. అదీ అంతే. ఆ వరసంతా అంతే.

కబురు పెడితే జగ్గారావు వచ్చాడు. ఇప్పుడు మండలికి పెద్ద. ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీ, కిటికీ పక్క. ఇప్పటికీ నేను పిలిస్తే ముందు జేబుల్లోంచి చేతులు బయటికి తీస్తాడు.

"రాణి ముసలిదైపోయి ఉంటుంది పంతులమ్మగారూ."

"పన్నెండు పెట్టెల్లో పన్నెండు రాణులూ ఒకే రోజున ముసలివైపోయాయా? అన్నీ ఒకే బ్యాచ్చా?"

"పోనీ మార్చేద్దాం. అమ్మ పెట్టెలోంచి కొత్త రాణుల్ని ఇప్పిస్తాను."

అమ్మంటే మహలక్షమ్మ గారు. ఈ గొడుగు కింద ఉన్న ప్రతి తేనెపెట్టెకూ పుట్టిల్లు ఆవిడ వాకిట్లోని నీలం పెట్టె. ఆ ఈగలు కుట్టవు. అందుకని ఏ ఆడపిల్లకి పెళ్ళయినా, ఆ పెట్టె నుంచి విడదీసిన పిల్లపెట్టెని, మూతకి పసుపూ కుంకుమా రాసి, సారెలో పంపడం ఆనవాయితీ అయింది. ఇంటికి ఒక్క పెట్టేనని మండలి కట్టడి. కోడలి పెట్టె గడప దాటగానే అత్తగారింటి పెట్టెలో పాత రాణిని వేళ్ళ మధ్య నలిపేసేవారు. పెళ్ళికో రాణి పోయింది. అది కుట్టేది కదా, ఎవరూ ఏడవలేదు.

మిగిలిన కుట్టే పెట్టెలు మాత్రం మా ఇంటి మూలాన పోయాయి. నా మనవరాలు తొలకరికి ఆరేళ్ళప్పుడు ఒకే ఒక్క ఈగ మెడ మీద కుట్టింది. పిల్ల గొంతు పూడుకుపోయి, పెదాలు నీలమయ్యాయి. గొడుగులో ఉన్న ఆఖరి మందుసూది దాని తొడలోకి దిగింది. అలాంటి మందు మళ్ళీ ఎక్కడి నుంచీ రాలేదు. తల్లి లేని పిల్ల, ఇంకోసారి కుడితే దక్కదని, ఎవరూ అడక్కుండానే ఆ వారంలో ఊరంతా మహలక్షమ్మ గారి రాణుల్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు దానికి ఇరవై మూడు. కళ్ళద్దాలూ గాలి మీటర్లూ బాగు చేస్తుంది. పెట్టెల మధ్య నుంచి కూనిరాగం తీసుకుంటూ పనికి పోతుంది. ఈగలు దాని జడ మీద వాలి, ఏమీ తోచక లేచిపోతాయి.

గుమ్మడి పూత, ముదిరాక

కొత్త రాణులు వచ్చాక మార్పు కనిపించింది. మూడింట ఒక గది ఖాళీ ఉండేది, ఇప్పుడు సగం ఖాళీ.

పురుగు కాదు, బూజు కాదు. చచ్చిన పిల్లలు కూడా లేవు. గదులు కడిగి బోర్లించినట్టు శుభ్రంగా ఉన్నాయి. గుడ్లున్న ఒక పట్టుముక్క కోసి, ఈగలు తగలకుండా వెచ్చటి డబ్బాలో పెట్టి చూశాను. గుడ్లన్నీ పొదిగాయి. పొదిగిన ముక్కను మళ్ళీ పెట్టెలో పెట్టాను. సాయంత్రానికి సగం గదులు ఖాళీ. పిల్లల్ని పెంచే దాది ఈగలే తినేశాయి.

తొలకరి భూతద్దం పట్టుకుని నా పక్కనే ఉంది. "అదేంటమ్మమ్మా? ఆకలా?"

"ఆకలి కాదు. పెళ్ళి సంబంధం కుదరలేదు."

దానికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. ఈగ ఆడదో మగదో తేల్చే జన్యువు ఒకటుంది. అందులో రకాలు చాలా. వాటిని ఇంటిపేర్లు అనుకోండి. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి వేరేది వస్తే ఆడ ఈగ పుడుతుంది. పూలకెళ్ళేదీ, తేనె తెచ్చేదీ, పిల్లల్ని సాకేదీ అదే. రెండు వైపుల నుంచీ ఒకే ఇంటిపేరు పడితే ఆ గుడ్డులోంచి వచ్చేది ఎందుకూ పనికిరాని మగపిల్ల. దాదులు వాసన పట్టి దాన్ని తినేస్తాయి.

"సగోత్రం" అంది తొలకరి.

"మనవాళ్ళయితే మొహం చిట్లించి, భోజనం చేసి వెళ్ళిపోతారు. ఈగలు పిల్లల్నే భోంచేస్తాయి."

ఇంటిపేర్లు ముప్ఫై ఉంటే ముప్ఫై గుడ్లలో ఒకటి పోతుంది, ఎవరి కంటా పడదు. మూడే ఉంటే మూడో వంతు పోతుంది. రెండే ఉంటే సగం. మన గొడుగు మొదలైనప్పుడు పదహారు ఊళ్ళ నుంచి పెట్టెలు వచ్చాయి. పెళ్ళికో రాణి చొప్పున ఆ ఇంటిపేర్లన్నీ చెరిపేసుకుని, ఇప్పుడు రెండు దగ్గర నిలబడ్డాం.

గొడుగు పెద్దద్వారం మీద "నిలకడే బతుకు" అని రాసి ఉంటుంది. ఆ నిలకడ పాఠం బళ్ళో నేను చెప్పిందే. గుంపు చాలా పెద్దదై ఉండాలి, ఎవరితో ఎవరికైనా జత కుదరాలి, కొత్తవి పుట్టుకురాకూడదు, బయటివాళ్ళు లోపలికీ లోపలివాళ్ళు బయటికీ పోకూడదు, ఫలానాది మంచిదని ఎవరూ ఏరకూడదు. అప్పుడు జన్యువుల పాళ్ళు ఎన్ని తరాలైనా కదలవు. జగ్గారావు క్లాసు ఇందులో తలుపులు మూసే భాగం ఒక్కటే గుర్తు పెట్టుకుంది.

గుమ్మడి పూత, చివర్లో

గుమ్మడి పిందెలు బొటనవేలంత అయి, పచ్చబడి రాలిపోతున్నాయి. బడిపిల్లలు మగపూలు తెంపి ఆడపూలలో రాస్తున్నారు. దోసకి కూడా ఎలాగో రాస్తారు. పొద్దుతిరుగుడుకి ఎవరు రాస్తారు? ఉల్లి విత్తనానికి ఎవరు రాస్తారు? నాలుగు వందల మందికి నూనె పొద్దుతిరుగుడులోంచే రావాలి. పెట్టెలు పన్నెండు అప్పుడే చచ్చిపోయాయి. ముసలి ఈగలు రాలిపోతుంటే వాటి స్థానంలో పుట్టేవి సగమే. ఇంకో రెండు పూతలు ఇలాగే సాగితే గొడుగు కింద ఈగ మోత వినపడదు.

ఇవాళ అరుగు దగ్గర సభ. ఇంటిపేర్ల సంగతి చెప్పాను. మహలక్షమ్మ గారు చేతికర్ర నేలకేసి కొట్టారు.

"ఏమే పేరిందేవీ, నా పెట్టెకి వంక పెడతావా? నలభై ఏళ్ళలో ఒక్క పసివాణ్ణి కుట్టలేదు నా ఈగలు!"

"కుట్టలేదు వదినా. మీ ఈగలంత మర్యాదస్తులు మనుషుల్లో కూడా లేరు. మర్యాదగా చచ్చిపోతున్నాయి, అంతే."

"అయితే దారేంటి పంతులమ్మగారూ?" అన్నాడు జగ్గారావు.

దారి నేను చెప్పలేదు. వెనక నుంచి బండి తోలే అప్పలస్వామి చెప్పాడు. "పడమటి గొడుగులో ఈగలున్నాయి కదండీ."

పడమటి గొడుగు మాకు మూడు కోసుల దూరం. దాని కప్పు ఒక పక్క చిరిగితే, జనం ఇటు వచ్చేశారు, పెట్టెలు అక్కడే వదిలేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఎలుకలతోనూ తొండలతోనూ పోరాడి బతికిన ఈగలవి. పోయినేడు ఇనుము ఏరడానికి వెళ్ళిన ఇద్దరిలో ఒకడు ముఖం గుమ్మడికాయంత చేసుకుని వచ్చాడు. రెండోవాడు రాలేదు.

"ఆ పెట్టెలు పది తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందా?" అని జగ్గారావు అడిగాడు.

సరిపోతుంది. కొత్త ఇంటిపేరులో ఒక సుగుణం ఉంది. అది అరుదుగా ఉన్నంత కాలం తనలాంటిది ఎదురుపడదు కాబట్టి దాని పిల్లలు దాదుల పాలబడవు. అది ఎవరూ తోయకుండానే పెరుగుతుంది, మిగతా వాటితో సమానమయ్యేదాకా పెరిగి అక్కడ ఆగుతుంది. నిలకడంటే అదీ. ఇదంతా నాకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచి, ఎదురుగా తొలకరి కూర్చుని ఉంటే చూసి, మళ్ళీ మూసుకున్నాను. నా నోరు సభలో మూతపడటం ఇదే మొదటిసారని జగ్గారావు కూడా కనిపెట్టాడు. సభ వాయిదా వేశాడు.

దోస పూత, మొదట్లో

ఇంట్లో యుద్ధం.

"సరిపోతుందని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?" అంది తొలకరి, నా కంచంలో చారు పోస్తూ. పోయడం కాదు, కొట్టడం.

"చెబితే ఎల్లుండి ఆ పెట్టెలు వస్తాయి. ఆ మర్నాడు నిన్ను మోసుకుపోతారు."

"చెప్పకపోతే నాలుగు వందల మందిని మోసుకుపోతారు. మోసేవాళ్ళు కూడా మిగలరు."

"నా లెక్కలు నాకే అప్పజెప్పకు."

అది చారు గిన్నె కింద పెట్టి, మెత్తగా మొదలుపెట్టింది. నాకు దాని మెత్తదనమంటేనే భయం. "అమ్మమ్మా, పోతుటీగకి ముల్లుండదు కదూ?"

ఉండదు. మగ ఈగ కుట్టలేదు. తండ్రి లేకుండా పుడుతుంది, తిని కూర్చుంటుంది, ఒక్కసారి రాణితో జత కట్టి చచ్చిపోతుంది.

"మరి పెట్టెలెందుకు? మగవాటినే ఏరుకుని రండి. మహలక్షమ్మ గారి కన్నె రాణులకి వాటి బీజం ఎక్కిద్దాం. నువ్వే పాఠం చెప్పావు, గాజుసూదితో ఎక్కించవచ్చని."

"ఎవరు ఎక్కిస్తారు?"

"నీ చేతులు చూపించు."

చూపించలేదు. నా చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి. సూదిలో దారం ఎక్కించమని పక్కింటివాళ్ళని అడుగుతున్నాను. వెంట్రుక కంటే సన్నటి గాజుగొట్టాన్ని రాణి కడుపులోకి దింపగల చెయ్యి ఈ గొడుగు కింద ఒక్కటే ఉంది. దానికి ఈగ ముల్లు తగిలితే ఆ మనిషే ఉండదు.

"పుట్టేవి సగం వాటి రక్తమే. సగం కోపం కూడా వస్తుంది" అన్నాను.

"సగమే కదా. నాకో వలగది కట్టించు, అందులో ఉంటాను. శాంతమైన వాటిని నువ్వు ఏరుతూ ఉండు. ఇంటిపేరు వేరు, కోపం వేరు అన్నది నువ్వే కదూ?"

అన్నాను. బళ్ళో పిల్లలకి అన్నీ చెప్పకూడదు.

దోస పూత, గాలి తగ్గిన రోజు

మండలి ఒప్పుకుంది. పెట్టెలు కాకుండా మగ ఈగలు మాత్రమే తెస్తామంటే మహలక్షమ్మ గారు కూడా కాదనలేదు. "అల్లుళ్ళని తెచ్చుకున్నట్టనుకుంటాలే" అన్నారు. నేనూ అప్పలస్వామీ ఉప్పుబండి మీద పడమటి గొడుగుకి వెళ్ళాం. దుప్పట్లు మడిచి కుట్టిన దుస్తులు, మీద వలముసుగులు.

చిరిగిన పక్క ఉప్పు మేట వేసి తెల్లగా ఉంది. రెండో పక్క మాత్రం బీరపాదులు ఇళ్ళ మీదికెక్కి కిటికీల్లోంచి లోపలికి పోయాయి. కాయలు ఎవరూ కోయక ఎండి వేలాడుతున్నాయి. అంత కాపు చూసి ఎన్నాళ్ళయింది! ఆ చప్పుడు కూడా వేరు. మన ఈగలు మూలుగుతాయి, ఇవి కరకరలాడతాయి.

మూడు తుట్టెలు దొరికాయి. ఒకటి నీళ్ళ ట్యాంకులో, ఒకటి మెట్ల కింద, ఒకటి బడి బీరువాలో. మధ్యాహ్నం పూట పోతుటీగలు ఊరేగడానికి బయటికి పోతాయి. అప్పుడు తుట్టె గుమ్మానికి జల్లెడ బిగించాం. కూలి ఈగలు సన్నవి, కన్నాల్లోంచి దూరిపోతాయి. పోతుటీగలు లావు, తిరిగొచ్చి బయటే చిక్కుకుంటాయి. తలంతా కళ్ళు, ఒళ్ళంతా పొట్ట. వాటిని ఒక్కొక్కటే ఏరి పంజరాల్లో వేయాలి. ఏరుతున్నంతసేపూ మిగతావి మా మీద వడగళ్ళలా పడుతూనే ఉన్నాయి. దుప్పటి మడతలు దాటి కూడా కుట్టాయి.

"పంతులమ్మ గోరూ," అన్నాడు అప్పలస్వామి ముసుగులోంచి, "మగోళ్ళని ఏరుకోడానికి ఇంత దూరమొచ్చిన ఆడమనిసిని నాను సూళ్ళేదు."

"దగ్గర్లో దొరికేవాళ్ళు ఎలా ఉన్నారో చూస్తున్నావుగా."

నవ్వబోయి కేక పెట్టాడు. చెవి మీద కుట్టింది. తిరుగుదారిలో పంజరాలు ఒళ్ళో పెట్టుకుని, తొలకరి ముందు వీటిని ఎలా తెరుస్తానా అని ఆలోచిస్తూ వచ్చాను. ప్రతి పంజరాన్నీ వెలుగుకి పట్టి చూశాను. లావుపాటి పొట్టలే కనిపించాయి.

ఆ మర్నాడు

తొలకరి పనిగదికి అన్ని పక్కలా వల బిగించాం. లోపల అదీ నేనూ. బల్ల మీద భూతద్దం, దీపం, అది రాత్రింబవళ్ళు కూర్చుని లాగిన గాజుసూదులు, రాణికి మత్తివ్వడానికి సోడా గ్యాసు. కన్నె రాణులు పది. ఏ తండ్రి పిల్లలు ఎలా ఉంటాయో తెలియాలి కాబట్టి ఒక రాణికి ఒకే తుట్టెలోని మగవాటినే వాడాలనుకున్నాం.

నేను పంజరంలోంచి పోతుటీగని తీసి ఇవ్వాలి. తొలకరి దాని పొట్ట నొక్కితే చుక్క బయటికొస్తుంది, ఈగ చచ్చిపోతుంది. ఆ చుక్క సూదిలోకి లాగాలి. నాలుగైదు చుక్కలు కలిస్తే ఒక రాణికి సరిపోతుంది. మొదటి రాణి అయింది. రెండు, మూడు, నాలుగు. తొలకరి ఊపిరి కూడా కొలిచి వదులుతోంది.

ఐదో రాణి కడుపులో సూది దిగి ఉంది. అప్పుడు మెట్ల కింద తుట్టె పంజరం మూతలోంచి ఒక ఈగ బయటికి నడిచొచ్చింది. సన్నగా ఉంది. నల్లగా ఉంది. దాని వెనక ముల్లుంది. నిన్న అంత పరీక్షగా చూసిన నా కళ్ళకి అది రెండు లావు పొట్టల మధ్య కనపడలేదు.

బల్ల మీద నుంచి తొలకరి మణికట్టు మీదికి ఎక్కింది.

"అమ్మమ్మా." పెదవులు కదపకుండా అంది.

"చూశాను. కదలకు."

"కదిలితే రాణి చీరుకుపోతుంది."

"రాణి సంగతి ఎవడిక్కావాలి!"

"నాక్కావాలి. ఇంకా సగం చుక్క ఉంది."

అది కళ్ళు భూతద్దం మీద నుంచి తీయలేదు. ఈగ మణికట్టు మీద ఆగి, మీసాలు ఊపి, మోచేతి వైపు నడవడం మొదలుపెట్టింది. జాకెట్టు చేతి అంచు దాకా వచ్చింది. లోపలికి దూరితే బట్టకీ ఒంటికీ మధ్య నలుగుతుంది. నలిగితే కుడుతుంది. ఊదితే ఎగురుతుంది, ఎగిరితే మెడ. రెక్క పట్టి లాగాలంటే నా వేళ్ళు నా మాట వినవు.

దాని దారికి అడ్డంగా నా అరచెయ్యి చాచాను. వణుకుతోంది. తొలకరి చేతికి ఆనిస్తే దాని చెయ్యి కూడా ఊగుతుంది, అందుకని వెంట్రుకవాసి దూరంలో గాలిలో పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో ఏ పిల్లనీ బతిమాలలేదు, ఆ ఈగని బతిమాలాను. రావే తల్లీ, ఇటు రా, ముసలి మాంసం, ఎంత కావాలంటే అంత కుట్టు.

ముందు కాళ్ళు పెట్టింది. ఆగింది. తరవాత మిగతా కాళ్ళు.

పూర్తిగా నా చేతిలోకి వచ్చాక గుప్పిట మూశాను. లోపల కుట్టింది. దాని కర్తవ్యం అది. గుప్పిట తెరవకుండా బల్ల కిందికి తీసుకుపోయి నలిపేశాను.

"అయిందా?" అంది.

"అయింది."

"నాదీ అయింది." సూది బయటికి లాగి, రాణిని చిన్న డబ్బాలో పెట్టి, మూత వేసి, అప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

నీళ్ళు తాగి, మిగతా ఐదూ పూర్తి చేసింది.

పొద్దుతిరుగుడు పూత, మొదటి వారం

పది రాణుల్నీ పది పెట్టెల్లో పెట్టి, వాటి గుడ్లు పొదిగి, గదులకు మూతలు పడేదాకా నేను ఆ చట్రాల్ని ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదని కూడా రాసుకోవచ్చు. ఇవాళ తెరిచాను. జగ్గారావు నా వెనక నిలబడి ఉన్నాడు, మహలక్షమ్మ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

మొదటి చట్రం పైకి లేచింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే పలక. వేలు పెట్టడానికి చిల్లు లేదు.

మహలక్షమ్మ గారు చాలాసేపు చూశారు. "అల్లుళ్ళు మంచివాళ్ళే" అన్నారు.

వలగది జాలీ మీద మొహం ఆనించి తొలకరి అరిచింది. "నిండిందా?"

"నిండింది."

"పదీ?"

"పదీనే తల్లీ."

పొద్దుతిరుగుడు పూత, చివర్లో

పుట్టిన ఈగలు పెద్దవయ్యాయి. పెట్టె గుమ్మంలో కాపలా కాసే వయసు వచ్చింది. రోజూ ఒట్టి చేతులతో ఒక్కో పెట్టె తెరిచి, ఎన్ని ముళ్ళు దిగాయో చూస్తున్నాను. నాలుగు పెట్టెలు శాంతం. ఆ నాలుగూ మెట్ల కింద తుట్టె అల్లుళ్ళవి. ఏ తుట్టె నుంచి కోపిష్టి ఈగ వచ్చి నన్ను కుట్టిందో, ఆ తుట్టె పిల్లలే సాధువులయ్యాయి. నేను పాఠం చెప్పినప్పుడు కూడా పిల్లలు ఇదెలాగని అడిగేవారు. ట్యాంకు తుట్టెవీ, బీరువా తుట్టెవీ మిగతా ఆరు. అవి కుడుతున్నాయి. పడమటి వాటంత కాదు గానీ కుడుతున్నాయి. నా కుడి చెయ్యి రొట్టెపిండిలా పొంగింది.

నిన్న ఒకటి వలగదికున్న చిన్న చిరుగులోంచి లోపలికి దూరింది. తొలకరి దీపం ఆర్పేసి, మూల గోడకి అతుక్కుని, అది వెలుగు వెతుక్కుంటూ బయటికి పోయేదాకా నిలబడిందట.

ఆ సంగతి ఊరంతా పాకింది. ఇవాళ సభ పెట్టారు. తొలకరికి వినపడాలని దాని వలగది ముందే పెట్టారు.

జగ్గారావు లేచి, ఒకసారి నా వైపు చూసి, తల దించుకుని మాట్లాడాడు. "పెట్టెలు నిండాయి. తిండి భయం తీరింది. నాలుగు శాంతమైనవి ఉన్నాయి. ఆ నాలుగింటి నుంచి మళ్ళీ విడదీసుకోవచ్చు. కుట్టే ఆరింటినీ తీసేద్దాం. ఆ పిల్ల మన కోసం చేసిన దానికి, జాలీ వెనక బతకమని ఎలా చెబుతాం?"

"ఏ మొహం పెట్టుకుని చెబుతాం?" అన్నారు మహలక్షమ్మ గారు. "రేపే నలిపేయండి."

అప్పలస్వామి కూడా తలూపాడు. "మా బంగారం కంటే ఎక్కువా, ఈగలు?"

వీళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పదిహేడేళ్ళ కిందట కూడా చెడ్డవాళ్ళు కాదు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

మొదట ఎత్తిన చెయ్యి నాది. ట్యాంకు తుట్టె ఇంటిపేర్లు పోతాయని నాకు తెలుసు. బీరువా తుట్టెవి పోతాయని తెలుసు. మెట్ల కింద తుట్టె ఒక్కదాని నుంచి వచ్చినవి రెండో మూడో, మహలక్షమ్మ గారివి రెండు. ఇంకో పదేళ్ళకి ఎవరి మనవరాలో బూందీ గరిటెలాంటి చట్రం పట్టుకుని నిలబడుతుందని తెలుసు. అవన్నీ తెలిసిన చెయ్యే లేచింది. దాని వెనక ఊరి చేతులన్నీ లేచాయి.

"అమ్మమ్మా," అంది తొలకరి జాలీ వెనక నుంచి, "చెయ్యి దించు."

దించలేదు.

"అయితే లెక్క నేను చెబుతాను" అని మొదలుపెట్టింది. నేను దానికి ఎలా చెప్పానో అలాగే, ఇంటిపేర్లతోనే చెప్పింది. ఆరు పెట్టెలు తీసేస్తే ఎన్ని మిగులుతాయో చెప్పింది. తనకి ఆరేళ్ళప్పుడు ఎన్ని ఇళ్ళల్లో రాణుల్ని నలిపారో, తను బతకడం కోసం ఊరు ఎంత పోగొట్టుకుందో చెప్పింది. గొంతు ఒక్కసారి కూడా పైకి లేవలేదు. "మూడు తుట్టెల పిల్లలూ ఉండాలి. ఏ తుట్టెకా తుట్టెలో మెత్తటి వాటిని ఏరుతూ పోతే, పేర్లు మిగులుతాయి, కోపం తగ్గుతుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని ఎవరో అడిగారు.

"మా అమ్మమ్మని అడగండి. ఆవిడకి తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. చెయ్యి పైకెత్తుకునే చెప్పాను. "ఎనిమిది పూతలు. పది కావచ్చు. ఈ లోపల ఒక్కటి కుట్టినా..."

"సరే" అంది తొలకరి. "ఆ చిరుగు నేను కుట్టేసుకుంటాను."

మహలక్షమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుగా చెయ్యి దించారు. తరవాత జగ్గారావు. అప్పలస్వామి దించి, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ఒక్కొక్కటే అన్నీ దిగాయి. నా చెయ్యి మాత్రం వాచి, బరువుగా, గాలిలో ఉండిపోయింది.

తొలకరి నన్ను చూసింది. నేను దించేదాకా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుంది.

ఆ చప్పుడు విన్నాక దించాను.